కళ్లు మూసుకుని చెప్పిన మాట

పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడింది. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. మెట్టు మీద పసిపిల్ల చెప్పులు, గులాబీ రంగువి, వదిలినవి వదిలినట్టే ఉన్నాయి.

హదస్సా లేదు. ఆమె నాలుగేళ్ల పాప లేదు.

ఎస్సై నవత స్టవ్ కట్టేసి వెనక సందులోకి దిగింది. ఇరుకు సందు. కెమెరా లేదు. గోడవార పగిలిన సీసా పెంకులు. ఒక పెంకు పక్కన చిటికెన వేలి గోరంత నెత్తుటి మరక. ఇంకా పూర్తిగా ఆరలేదు.

"బిక్షం, చూసినవా?"

హెడ్ కానిస్టేబుల్ వంగి చూశాడు. "చిన్న కాలే మేడం. పిల్లదే."

"ఇది నీకూ నాకూ తప్ప ఎవ్వరికీ తెల్వద్దు."

ఇల్లు ఎమిలీ టీచర్‌ది. రిటైరయ్యాక వెస్ట్ మారేడ్‌పల్లిలో ఒంటరిగా ఉంటోంది. సోఫా అంచున కూర్చుని చేతులు నలుపుకుంటోంది.

"పొద్దున ఏడింటికి గేటు బాదాడమ్మా ఆ ఎరిక్. హదస్సా కిటికీలోంచి చూసి 'వచ్చిండు' అంది. ఒక్కటే మాట. నేను ముందు గదిలోకొచ్చి నీకు ఫోన్ చేశాను. పెట్టేసి తిరిగి చూస్తే వంటిల్లు ఖాళీ."

"వెనక ఎవరి గొంతన్న ఇనబడ్డదా?"

"వాడి అరుపుల్లో నాకేం వినపడుతుంది?"

"ఫోను, పర్సు?"

"మంచం మీదే ఉన్నాయి."

ఏడుంబావుకు పెట్రోలింగ్ బండి వచ్చి ఎరిక్‌ను గేటు దగ్గరే పట్టుకుంది. అంతసేపూ అతను అక్కణ్ణుంచి కదల్లేదని ఎదురింటి వాచ్‌మన్ చెప్పాడు. అంటే భార్యను తీసుకుపోయింది అతను కాదు.

మరి ఆమె ఎక్కడ? ఈ ఇంటి సంగతి అతనికి ఎవరు చెప్పారు?

రెండో ప్రశ్నే నవతను ఎక్కువ కుదిపింది. చర్చీ, పోలీస్ స్టేషనూ కలిసి ఎనిమిది నెలల కిందట మొదలుపెట్టిన పని ఇది. ఇంట్లో దెబ్బలు తిన్న ఆడవాళ్లు స్టేషన్ మెట్లెక్కడానికి జంకుతారు, చర్చి మెట్లెక్కడానికి జంకరు. అందుకని ప్రతి శనివారం నవత యూనిఫాం తీసేసి చర్చి హాల్లో కూర్చుంటుంది. ఇల్లు వదిలి రావలసిన మనిషికి సంఘంలో ఎవరో ఒకరు ఒక గది ఇస్తారు. ఆ గది ఎక్కడుందో నలుగురికే తెలియాలి. పాస్టర్ ప్రభుదాస్‌గారికి, గది ఇచ్చినవారికి, నవతకు, ప్రిసిల్లాకు.

ప్రిసిల్లా పేరు తలపుకు రాగానే నవత లోపల ముల్లు కదిలింది.

ప్రిసిల్లా ఒక స్కూల్లో కౌన్సిలర్. చర్చి తరఫున ఈ పనంతా చూసేది ఆమే. నూలు చీర, మెత్తటి గొంతు. హదస్సా మౌలాలి రైల్వే క్వార్టర్ నుంచి వచ్చిన కొత్తలో నవత మూడుసార్లు ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగింది. ఆ పిల్ల టేబుల్ అంచు గిల్లుతూ కూర్చుంది తప్ప పెదవి విప్పలేదు. ప్రిసిల్లా ఒక కప్పు టీ ఇచ్చి పక్కన కూర్చుంది. ఆ పిల్ల కడుపులో ఉన్నదంతా కక్కేసింది. పేపర్లో ఫొటో వేస్తే ప్రిసిల్లా నడిమధ్యన పడింది, నవత భుజం ముక్క మాత్రం పడింది. ఏసీపీగారు మీటింగులో "ప్రిసిల్లా మేడం వల్లే ఇదంతా" అన్నప్పుడు నవత కూడా చప్పట్లు కొట్టింది. కొట్టక ఏం చేస్తుంది?

*

స్టేషన్లో ఎరిక్ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. చర్చిల్లో, ఫంక్షన్లలో కీబోర్డు వాయిస్తాడు. వేళ్లు టేబుల్ మీద కూడా ఆగడం లేదు.

"అడ్రస్ ఎవరిచ్చిన్రు?"

"మా అమ్మ."

"మీ అమ్మకెవరిచ్చిన్రు?"

"అమ్మనడగండ్రి. నా భార్యను నేను చూస్కునేందుకు ఎవరి పర్మిషన్ కావాలె?"

"చూస్కునేటోడు గేటెందుకు బాదిండు?"

"లోపల ఎవడున్నడో నాకేం తెలుసు!"

బిక్షం నవ్వాడు. "డెబ్బై ఏండ్ల టీచరమ్మ ఉన్నది బాబూ. ఆమె మీద సుత అనుమానమేనా?"

ఎరిక్ నవ్వలేదు. హదస్సా చెప్పిన మాటలు నవతకు తెలుసు. అవీ ప్రిసిల్లా నోటి గుండా వచ్చినవే. రోజూ ఆమె పని నుంచి రైలు దిగి ఇల్లు చేరగానే ప్రశ్నలు. పక్కన ఎవరు కూర్చున్నారు? ఎవరితో నవ్వావు? డబ్బాలో కూర మిగల్లేదేం, ఎవరికి పెట్టావు? జవాబు నచ్చకపోతే చెయ్యి లేచేది.

అతని తల్లి బ్యూలాను పిలిపించారు. తెల్ల చీర, చేతిసంచిలో బైబిలు.

"ఎవరు చెప్పిన్రమ్మా మీకు?"

"ఎవ్వరూ చెప్పలేదు."

"మరి ఎట్ల తెలిసింది?"

"తెలిసింది. అంతే. ఎవ్వరూ నాతో చెప్పలేదు, దేవుని తోడు." ఎవరూ అడక్కముందే బైబిలు తీసి దాని మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి వణకలేదు.

నవత చాలా అబద్ధాలు చూసింది. ఇది అబద్ధంలా లేదు. అదే చిక్కు.

బయటికొచ్చాక బిక్షం గొంతు తగ్గించాడు. "మేడం, ఆ పిల్ల కంప్లైంట్ రాసియ్యలే. కాయితం లేకుండ ఈణ్ణి ఎంతసేపు కూసోబెడ్తం? సాయంత్రానికి ఇడ్సిపెట్టాలె. ఆమె చుట్టాలిండ్లన్నీ ఈనికి ఎరుకే."

అంటే సాయంత్రంలోగా ఆమెను నవత కనిపెట్టాలి. లేకపోతే ఎరిక్ కనిపెడతాడు.

*

పదకొండు గంటలకు చర్చి హాలు మెట్ల దగ్గర ప్రిసిల్లా ఎదురొచ్చింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"ఏమైనా తెలిసిందా మేడం?"

"మీకే తెలియాలె. మీకు తెల్వనిది ఏమున్నది?"

ప్రిసిల్లా మెట్టు దిగి దగ్గరికొచ్చింది. "నా మీద అనుమానమా?"

"నలుగురిల ఒకరు చెప్పిన్రు."

"ఆ నలుగురిలో మీరూ ఉన్నారు."

చెంప మీద కొట్టినట్టయింది నవతకు. కొట్టింది ఆ మాట కాదు. ఈమే చెప్పి ఉంటే బాగుండునని పొద్దుటి నుంచీ తన మనసు కోరుకుంటోందన్న సంగతి అప్పుడే తెలిసివచ్చింది. సాక్ష్యం లేదు. కోరిక మాత్రం ఉంది. పోలీసుకు అంతకంటే చెడ్డ జబ్బు లేదు.

హాల్లో స్త్రీల సమాజం శనివారం ప్రార్థన మొదలైంది. ఎనిమిది నెలలుగా నవత ఈ వేళకు బయట చెప్పుల దగ్గరే నిలబడేది. వాళ్ల పూజలో మనమెందుకని మర్యాద. ఈరోజు ఎండ మండిపోతోంది. లోపలికెళ్లి వెనక బెంచీ మీద కూర్చుంది.

సమాజం ప్రెసిడెంటు ఎలీసబెతు ఆలస్యంగా వచ్చింది. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. భర్త పోయాక రెజిమెంటల్ బజార్ దగ్గర పెద్ద ఇంట్లో ఒక్కతే ఉంటుంది. నవత పక్కనుంచి పోతుంటే కొంగు దగ్గర డెట్టాల్ వాసన వేసింది. "వందనాలమ్మా" అని ముందుకెళ్లి కూర్చుంది.

అందరూ ముసుగు వేసుకుని కళ్లు మూసుకున్నారు. ఒక్కొక్కరే పైకి ప్రార్థన చేస్తున్నారు.

"ప్రేమగల తండ్రీ, మా మరిది కొడుకు మళ్లీ ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఇంట్లో ఇంకా ఎవరికీ తెలియదు. నువ్వే ఆదుకో ప్రభువా."

"స్తోత్రం," అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. ఒకావిడ ఒక కన్ను తెరిచి పక్కావిడను చూసింది.

"ప్రభువా, మా ఎదురింటి కోడలికి మూడో నెల. అత్తకు కూడా చెప్పలేదు. ఆ గర్భాన్ని కాపాడు."

"స్తోత్రం."

నవత నడుం నిటారైంది. ఈ హాల్లో ఒక్కరూ చాడీ చెప్పడం లేదు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడడం లేదు. అందరూ దేవుడితోనే మాట్లాడుతున్నారు. పైకి పోయే మాట దారిలో ఇరవై మంది చెవుల్లో పడి పోతోంది.

ఎవ్వరూ నాతో చెప్పలేదు, అంది బ్యూలా. బైబిలు మీద చెయ్యి వణకలేదు. ఎందుకు వణుకుతుంది?

ప్రార్థనకు వచ్చి కూర్చున్న ఎమిలీ టీచర్‌ను నవత చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకొచ్చింది.

"టీచర్, పోయిన శనివారం ప్రార్థనకు బ్యూలమ్మ వచ్చిందా?"

"వచ్చింది. నెలకోసారి మౌలాలి వాళ్లదీ మనదీ కలిపే కదా పెడతాం."

"మీ ఇంటి గురించి ఎవరన్న ప్రార్థన చేసిన్రా?"

ఎమిలీ టీచర్ ముఖం మెల్లగా పాలిపోయింది. "ఎలీసబెతు చేసింది. 'నా చెల్లెలు ఎమిలీ ఒంటరి ఇంట్లో పసిబిడ్డ నవ్వు వినిపించావు, నీకు స్తోత్రం' అంది. నేను ఉలిక్కిపడ్డాను. కానీ ప్రార్థన కదమ్మా! ప్రార్థనలో ఎవరినీ ఆపకూడదు."

*

పన్నెండు దాటాక మిగతావాళ్లను ఇళ్లకు పంపించేశారు. హాల్లో పాస్టర్‌గారు, ఎమిలీ టీచర్, ప్రిసిల్లా, ఎలీసబెతు మిగిలారు. బిక్షం బ్యూలాను తీసుకొచ్చాడు.

నవత సంగతంతా చెప్పింది. బ్యూలా గయ్యిమంది.

"నాదేం తప్పు? దేవుని సన్నిధిలో విన్న మాట!"

"ఇన్న మాట దేవుని దగ్గరనే ఇడ్సిపెట్టకుండ కొడుకు దగ్గరికెందుకు మోసినవమ్మా?"

బ్యూలా చేతిసంచి గట్టిగా పట్టుకుంది.

ఎలీసబెతు చూపు నేల మీదే ఉంది. "నేను ఎవరికీ చెడు తలపెట్టలేదు. అక్కడున్నది ఎవరి బిడ్డో కూడా నాకప్పుడు తెలియదు."

"కావచ్చు ఆంటీ. ఎట్లయినా ఆ తల్లీబిడ్డ ఇంకా దొరకలే. అందరూ ఒక్కొక్కరే వాళ్లకోసం ప్రార్థన చేయండ్రి. నేనూ వింట."

ప్రిసిల్లా చటుక్కున తలెత్తింది. "ప్రార్థనను లాఠీ చేయకండి మేడం."

"లాఠీ ఎత్తలే. అడుగుతున్న."

పాస్టర్‌గారు ఇద్దరినీ చూసి, కళ్లద్దాలు తీసి మొదలుపెట్టారు. ఆ బిడ్డల్ని క్షేమంగా చూపించు ప్రభువా అన్నారు. ఎమిలీ టీచర్ వెక్కుతూ, వాళ్లెక్కడున్నా మా దగ్గరికి చేర్చు తండ్రీ అంది. ప్రిసిల్లా, వాళ్ల జాడ చూపించు ప్రభువా అంది. బ్యూలా కూడా మనవరాలి పేరు చెప్పి, కనపరచు దేవా అని ఏడ్చింది.

ఎలీసబెతు వంతు వచ్చింది.

ఊళ్లో సగం మందికి ప్రార్థన నేర్పిన మనిషి. పెళ్లిలో నిలబడితే అన్నం చల్లారిపోయేంత పొడుగు ప్రార్థన ఆమెది. ఈరోజు మాటలు వెతుక్కుంది.

"తండ్రీ... ఆ తల్లీబిడ్డల్ని నీ రెక్కల చాటున దాచినందుకు స్తోత్రం. పసిదాని కాలి నొప్పి తగ్గించు. దానికి నిద్ర పట్టించు..."

నవత ఆమె పక్కకు వచ్చి మెల్లగా అడిగింది.

"ఏ కాలు ఆంటీ?"

"కుడి..."

మాట సగంలో తెగిపోయింది. ఎలీసబెతు కళ్లు తెరిచింది.

నవత సైగ చేయగానే బిక్షం బ్యూలాను బయటికి తీసుకుపోయాడు.

"పిల్ల కాలికి సీసపెంకు గుచ్చుకున్నదని నాకూ బిక్షానికీ తప్ప ఎవ్వరికీ తెల్వదు," అంది నవత. "ఈళ్లందరూ 'చూపించు' అని అడిగిన్రు. మీరొక్కరే అడగలే. మాతో అయితే ఏదన్న అంటరు గానీ, దేవునితోటి అబద్ధం ఆడలేరు. కొంగు సుత డెట్టాల్ వాసనొస్తున్నది. ఎక్కడున్నరు ఆంటీ?"

"మా ఇంట్లో." ఎలీసబెతు కుర్చీలో కూలబడింది. "బాగున్నారు. పడుకోబెట్టి, తలుపు వేసుకోమని చెప్పి వచ్చాను."

"ఆ సందులకు మీరెందుకు పోయిన్రు?"

ఆమె ఎమిలీ వైపు చూసింది, వెంటనే చూపు తిప్పుకుంది.

"రోజూ పోతున్నాను. వాకింగని పేరు పెట్టి. దీని వంటింటి కిటికీ చూడ్డానికి. నలభై ఏళ్ల స్నేహం మాది. నెల రోజులుగా నన్ను గేటు దగ్గరే నిలబెట్టి రెండు ముక్కలు మాట్లాడి పంపించేస్తోంది. ఈ ప్రిసిల్లా మాత్రం సరాసరి వంటింట్లోకి వెళ్లి కూర్చుంటుంది. నన్ను కాదని ఈ పిల్లను నెత్తిన పెట్టుకుందనుకున్నాను."

"ఎలీసబెతూ, చెప్పకూడదన్నారే!" అంది ఎమిలీ టీచర్.

"నాకు కూడానా? ఒకరోజు లోపల పసిపిల్ల నవ్వింది. అప్పుడర్థమైంది. నాకు తెలిసిపోయిందని నీకు తెలియాలని ఆ ప్రార్థన చేశాను. అంతే. ఈ పని పెట్టిన రోజున మొదట చెయ్యెత్తింది నేను. మూడు గదులున్నాయి, ఎవర్నయినా పంపండన్నాను. ఒక్కర్ని పంపారా? ఎందుకు పంపలేదో ఈ ప్రిసిల్లాను అడగండి."

"ఆంటీ, మీ నోరు..." ప్రిసిల్లా ఆగిపోయింది.

"ఆగదు. చెప్పు, తప్పేముంది? నిజమేగా. ఈరోజు నా నోరే వాణ్ణి గేటు దాకా తెచ్చింది. సందులో నా కళ్లెదుట ఆ పిల్ల బిడ్డ చెయ్యి పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఆటో ఆపి ఎక్కించుకున్నాను."

"పొద్దుట్నించి మేం పరేషానైతున్నం. ఒక్క ఫోన్ చేయకపోతిరి."

"చేస్తే తీసుకుపోతారుగా." ఎలీసబెతు కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నా ఇంటికి వచ్చిన మొదటి మనిషమ్మా."

నవత తిట్టబోయి మానేసింది. ఆ ఏడుపు ఆమెకు పరాయిదిగా వినిపించలేదు.

*

రెజిమెంటల్ బజార్ ఇంట్లో హదస్సా తలుపు తీసింది. పాప భోజనాల బల్ల మీద కూర్చుని, కట్టు కట్టిన కుడికాలు ఊపుతూ అరటిపండు తింటోంది.

ఎమిలీ టీచర్ పాపను పొదువుకుంది. "పద తల్లీ, మనింటికి పోదాం."

"మళ్లీ అక్కడికా?" ప్రిసిల్లా అడ్డం వచ్చింది. "ఆ ఇల్లు వాడికి తెలిసిపోయింది. ఈ రాత్రికి హదస్సా మా ఇంట్లో ఉంటుంది. నాతోనే తనకు ధైర్యం."

"ఇక్కడేం తక్కువైందట?" ఎలీసబెతు అందుకుంది. "అన్నం వండి పెట్టాను. తిననివ్వరా?"

"ఆగండ్రి," అంది నవత. "ఈమె పోలీసుల జిమ్మ, బాధ్యత మాది. ఎక్కడుండాలెనో నేను చెప్త. హదస్సా, నా బండ్ల కూసో."

హదస్సా కూర్చోలేదు. అందరి ముఖాలూ వరసగా చూసింది. నవతకు ఆమె అంత సూటిగా చూడడం అదే మొదటిసారి.

"ఎరిక్ సుత గిట్లనే అడుగుతడు," అంది. "ఎవరింట్ల ఉన్నవ్? ఎవరితోటి మాట్లాడినవ్? ఎవరంటే నీకు ఎక్కువ?"

పాప అరటిపండు తొక్క కింద పడేసింది.

"మీరందరూ మంచోళ్లే. నాకు అన్నం పెట్టిన్రు. గానీ ఒక్కరన్న అడిగిన్రా, నువ్వెక్కడుంటవ్ అని? నాకు మా ఇల్లు కావాలె."

"అక్కడ వాడుంటాడు కదమ్మా!" అంది ప్రిసిల్లా.

"వాడెందుకుండాలె? నాయన పోయినంక ఆయన నౌకరీ నాకొచ్చింది. క్వార్టర్ నా పేరు మీదున్నది. ఇంట్లనుంచి నేను, నా బిడ్డ దొంగల లెక్క ఎందుకు ఉరకాలె?"

నవత ప్రిసిల్లా వైపు చూసింది. ప్రిసిల్లా నవత వైపు చూసింది. మూడు సిట్టింగుల్లో నవత అడగలేదు. కప్పు టీ మీద ప్రిసిల్లా అడగలేదు. కీబోర్డు వాయించేవాడికి రైల్వే క్వార్టర్ ఎలా వచ్చిందని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఆ పిల్ల కన్నీళ్లు ఎవరి ముందు కారుతున్నాయో లెక్కలు చూసుకోవడంతోనే సరిపోయింది.

"చట్టంల ఉన్నది," అంది నవత. "కోర్టు ఆర్డరిస్తే ఆయననే బయటికి పంపొచ్చు. నీ దగ్గరికి రావద్దని సుత ఇస్తరు. గానీ నువ్వు కంప్లైంట్ ఇయ్యాలె. ఇస్తే ఇయ్యాల సాయంత్రం వాణ్ణి ఇడ్సిపెట్టేది లేదు."

"రాస్కోండ్రి."

నవత బల్ల దగ్గర కూర్చుని పెన్ను తీసింది. ఎమిలీ, ఎలీసబెతు పాపను తీసుకుని లోపలి గదిలోకి వెళ్లారు. కట్టు ఎవరు మార్చాలన్న దాని మీద అక్కడ చిన్న గొడవ మొదలయింది, వెంటనే సద్దుమణిగింది.

"నీ పక్కన ఎవరన్న ఉండాల్నా?" అంది నవత. అడిగి, జవాబు తనకు నచ్చదని తెలిసి, కాగితం వైపే చూస్తూ కూర్చుంది.

"ప్రిసిల్లక్క ఉంటే బాగుంటది."

ముల్లు గుచ్చుకుంది. గుచ్చుకుంటే గుచ్చుకుందిలే. నవత లేచి, గోడ దగ్గరున్న కుర్చీ తెచ్చి హదస్సా పక్కన వేసింది.

"కూసోండి మేడం."

ప్రిసిల్లా కూర్చుని, అలవాటుగా హదస్సా చెయ్యి పట్టుకుంది. "మేడం, అసలు ఏమైందంటే, పెళ్లయిన ఆర్నెల్లకు..."

"అక్కా," హదస్సా చెయ్యి మెల్లగా విడిపించుకుంది. "నేను చెప్త."

చీర కొంగు సర్దుకుని నవత పెన్ను వైపు చూసింది.

"నా పేరు హదస్సా. మౌలాలి క్వార్టర్ నాది. మేడం, షురూ అక్కణ్ణుంచే చేయండ్రి."